అటక మీది తుపాకీ మందు డబ్బాలు

నాయనా,

నువ్వు పంపిన ఫోటో చూసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. పలమనేరు ఇంటి అటక మీద దొరికిన ఆ మూడు డబ్బాలూ మీ తాతవే. చెనిక్కాయల చేలోకి అడవిపందులు రాకుండా ఆయన లైసెన్సుతో నాటు తుపాకీ పెట్టుకునేవాడు. మూతల చుట్టూ ఆయన కట్టిన మైనం గుడ్డ ఇంకా అట్లనే ఉంది.

వాటిని ఇంక ముట్టుకోవద్దు. తుప్పు పట్టిన మూతను స్క్రూడ్రైవరుతో లేపాలని అస్సలు చూడొద్దు. ఆ రాపిడికి ఒక్క నిప్పురవ్వ లేచినా చాలు.

"యాభై ఏళ్ళ నాటిది, ఎప్పుడో చచ్చిపోయుంటుంది" అని రాశావే, నాకు భయం వేసింది ఆ మాటకే. నాటు తుపాకీలో వేసే నల్లటి మందు పొడిలో ఉండేది నూటికి 75 పాళ్ళు సూరేకారం, 15 బొగ్గు, 10 గంధకం. వీటిలో కుళ్ళేది, పులిసేది ఏదీ లేదు. తేమ తగలకుంటే వందేళ్ళయినా భగ్గుమంటుంది. తడిసినా, ఆరిందంటే మళ్ళీ అంటుకోవచ్చు. ఇంగ్లీషు లేబుల్ ఉన్న మూడో డబ్బాతో నాకు ఇంకా టెన్షన్. అందులో ఉన్నది కాల్చినప్పుడు పెద్దగా పొగ రాని ఇంకో రకం తుపాకీ మందు (స్మోక్‌లెస్ పౌడర్) అయితే పాతబడేకొద్దీ తనంతట తానే విరిగి ఆమ్లం వదులుతుంది. ఘాటు వాసన, ఎర్రటి పొగ వస్తాయి. ఒక్కోసారి ఎవరూ ముట్టించకుండానే మండిపోతుంది.

పెరట్లో పోసి కాల్చేద్దామా అన్నావు. నా చిన్నప్పుడు మా వీధిలో ఒకాయన అదే పని చేశాడు. పోసింది పిడికెడే. కుడిచేతి తోలు మోచేతి దాకా ఊడొచ్చింది. ఆయన్ను అరిటాకు మీద పడుకోబెట్టి, ఈగలు వాలకుండా మా అమ్మ రాత్రంతా విసరడం నేను చూశాను. బావిలో వేయడమూ వద్దు. సూరేకారం నీళ్ళలో కరుగుతుంది, ఆ నీళ్ళే మన వీధి పిల్లలు తాగుతారు. టపాసులు కట్టేవాళ్ళకు ఇమ్మన్నాడట మీ మామ. అది వాళ్ళ ప్రాణం మీదికి తెస్తుంది.

గదికి తాళం వెయ్యి. ఆ పక్క పొయ్యి వెలిగించొద్దు, బీడీ కాల్చనివ్వొద్దు. పొద్దున్నే ఉత్త చేతులతో పోలీస్ స్టేషన్‌కు పో. డబ్బాలను బైకు మీద పెట్టుకుని మాత్రం పోవద్దు. ఘాటు వాసనగానీ పొగగానీ వస్తే తెల్లారేదాకా ఆగకుండా అందరూ బయటికొచ్చి 112కు ఫోన్ చెయ్యండి. తాత పోయాక ఇంట్లో దొరికాయని ఉన్నది ఉన్నట్టు చెప్పు. బాంబు స్క్వాడును పిలిపించడం వాళ్ళు చూసుకుంటారు. కేసవుతుందేమోనని దాచిపెడితేనే తప్పు మన మీద పడుతుంది. పేలుడు పదార్థాల చట్టం 1884 నుంచీ ఉంది, లైసెన్సు లేకుండా ఇట్లాంటివి ఇంట్లో పెట్టుకోకూడదు. అప్పగించాక రసీదు అడిగి తీసుకో.

నాయన పోయినప్పుడు తుపాకీని నేనే స్టేషన్‌లో అప్పగించాను. 1959 ఆయుధాల చట్టం ప్రకారం అప్పగించాల్సిందే. మందు సంగతి మాత్రం ఆ రోజు నాకు తోచలేదు. ఆ పొరపాటు నాదే, అందుకే నీకు ఇంత గట్టిగా చెబుతున్నా.

గుర్తుగా ఒక డబ్బా ఉంచుకుంటానన్నావు. ఖాళీ చేసినా అంచుల్లో పొడి మిగిలిపోతుంది, వద్దు నాయనా. ఆయన ఫోటో అంటించిన లైసెన్సు పుస్తకం నా దగ్గర ఉంది, అది నీకే ఇస్తాను. రేపు చిత్తూరు నుంచి మొదటి బస్సుకు బయలుదేరి నేరుగా స్టేషన్‌కే వస్తా. ఈలోపు పిల్లోడు ఎక్కకుండా అటక నిచ్చెన తీసి వీధి వరండాలో పెట్టు.

ఇట్లు,
మీ పెదనాయన