పెద్దత్తని ఎవరు పిలిచారు?

ప్రశ్న: మేడమ్, నా వయసు 33. గాజువాకలో ఉంటాం. బ్యాంకులో ఆఫీసర్‌ని. ఇంటర్ సెకండియర్‌లో మ్యాథ్స్ 2బి పేపర్లో 75కి 19 వచ్చాయి. స్టీల్‌ప్లాంట్‌లో చేసే మా నాన్న, చదివింది చాలు, సంబంధాలు చూద్దాం అన్నారు. నాన్న వాళ్ళ అక్క, మా పెద్దత్త, కంచరపాలెంలో బట్టలు కుట్టేది. మామయ్య అప్పటికే లేరు. "దీనికి లెక్కలు రాక కాదురా, భయం" అని నాన్నతో చెప్పి నన్ను తన ఇంటికి తీసుకెళ్ళింది. సప్లిమెంటరీ ఫీజు కట్టింది. డిగ్రీ అయ్యేదాకా ఉంచుకుంది. 2013లో ద్వారకానగర్‌లో బ్యాంక్ కోచింగ్ కోసం తన రెండు తులాల గొలుసు తాకట్టు పెట్టింది, అది మళ్ళీ చేతికి రాలేదు. ఈ మధ్య నాన్న ఇంటి మీద నా లోన్‌తో అంతస్తు వేశాం. గృహప్రవేశానికి పెద్దత్తకి ఫోన్ చేసి భోజనాల వేళకి రమ్మన్నారు. పూజ దగ్గర ఉంటే బాగోదని ఇంట్లో పెద్దవాళ్ళు అన్నారు. ఆవిడ రాలేదు. అప్పట్నుంచి నేను ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తోంది. ఇప్పుడావిడకి 68. మర్రిపాలెంలో బావ దగ్గర ఉంటోంది. చూపు ఆనక కుట్టడం మానేసింది. ఆవిడ పెట్టిందంతా వడ్డీతో లెక్కకట్టి ఒకేసారి ఇచ్చేస్తే గొడవ వదులుతుందని మావారు అంటున్నారు. ఎంత ఇస్తే న్యాయం? ఒకేసారి ఇవ్వాలా, నెలనెలా పంపాలా?

జవాబు: ముందు ఆ వడ్డీ లెక్క పక్కన పెట్టండమ్మా. 2013లో పది గ్రాముల బంగారం ముప్పై వేల దరిదాపుల్లో ఉండేది, ఇవాళ లక్ష దాటింది. అప్పటి ధరకి వడ్డీ కడతారా, ఇవాళ్టి ధరకి గొలుసు చేయిస్తారా? అన్నేళ్ళు పెట్టిన అన్నానికి ఏ రేటు వేస్తారు? ఈ లెక్క తేలదని బ్యాంకులో పనిచేసే మీకు నేను చెప్పాలా!

మీ ఉత్తరంలో నేను ఆగిపోయిన చోటు వేరే ఉంది. "పూజ దగ్గర ఉంటే బాగోదని ఇంట్లో పెద్దవాళ్ళు అన్నారు." ఆ మాట అన్నప్పుడు మీరెక్కడున్నారో, ఏమన్నారో రాయలేదు. ఏమీ అనలేదని తెలుస్తూనే ఉంది. ఆవిడ ఆ ఇంటి ఆడపడుచు, తమ్ముడి ఇంట్లో పాలు పొంగించాల్సిన మనిషి. గడప తొక్కి పిలవాల్సిన మనిషికి ఫోన్లో భోజనం టైము చెప్పారు. భర్త పోయినావిడ శుభకార్యంలో ముందుండకూడదన్న మాట నాకు ఏనాడూ మింగుడుపడలేదు. మీ కోచింగ్ ఫీజుకి గొలుసు వచ్చింది కూడా ఆ మెడలోంచే. ఆ రోజు ఎవరికీ అశుభం అనిపించలేదే!

మీకూ పెద్దత్తకీ మధ్య పెద్ద చిక్కేమీ లేదు. చిక్కంతా మీకూ మీ నాన్నకీ మధ్య ఉంది. 2బి పాసవడానికి 26 మార్కులు కావాలి, మీకు ఏడు తగ్గాయి. అదే మార్కుల లిస్టు చూసి ఆవిడ మీ భయాన్ని పట్టుకుంది, ఆయన మీ చదువుకి చుక్క పెట్టేశారు. ఆ రోజు నుంచి మీరు ఆయన చేత ఒక్క మాట అనిపించుకోవడానికి పరుగు పెడుతున్నారు. ఉద్యోగం, లోను, అంతస్తు అన్నీ అందుకే. (స్థలం ఎవరి పేరున ఉందో రాయలేదు, అది మరో ఉత్తరానికి సరిపడా విషయం.) గృహప్రవేశం రోజు నలుగురిలో "మా అమ్మాయి కట్టించింది" అని ఆయన చెప్పుకునే ఉంటారు. ఆ మాట ఎక్కడ చెదిరిపోతుందోనని నోరు కట్టేసుకున్నారు. నమ్మనివాళ్ళ మెప్పు కోసం ఇంత ఖర్చు పెట్టి, ముందే నమ్మిన మనిషిని ఎక్కడికీ పోదులే అని వదిలేశారు. ఆవిడకి తగిలింది అదే. భోజనాల వేళ అన్నందుకు కాదు, మీరు పక్కనే ఉండి ఊరుకున్నందుకు ఆవిడ ఫోన్లో ముక్తసరి అయింది.

నాన్నతో మాట్లాడాలి. అమ్మ, బాబాయిలు ఉన్నప్పుడు వద్దు, నలుగురిలో అయితే ఆయన చేసింది సమర్థించుకోవడమే పనిగా పెట్టుకుంటారు. పొద్దున్న పేపర్ చూస్తూ ఒక్కరూ ఉన్నప్పుడు చెప్పండి: "నాన్నా, ఆ రోజు పెద్దత్త పాలు పొంగించాల్సింది. నేను మాట్లాడకపోవడం తప్పు. ఆదివారం వెళ్తున్నాను." అంతే. ఇప్పుడవన్నీ ఎందుకంటారు, అననివ్వండి. మీరు అనుమతి అడగడం లేదు, కబురు చెబుతున్నారు. ఆయన్ని వెంట లాక్కెళ్ళకండి, క్షమాపణ చెప్పించాలనీ చూడకండి. అక్కాతమ్ముళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటారు.

మర్రిపాలెం మీవారితో కలిసి వెళ్ళండి. చీర, పళ్ళు చాలు. మొదటి రోజు డబ్బు కవరు తీసుకెళ్ళొద్దు, అది చేతిలో పెట్టిన క్షణం మీరు ఖాతా మూసేయడానికి వచ్చారని ఆవిడకి అర్థమైపోతుంది. తప్పయిందన్న మాట బావ, ఆయన భార్య వినేలా చెప్పండి. ఆ గొలుసు తాకట్టులో పోకపోతే కోడలి మెడలో ఉండేది. దాని మీద ఆ ఇంట్లో ఎన్ని మాటలు పడిందో మీకు తెలియదు, అలాంటి మనిషికి మీ వైపు నుంచి పిలుపు కూడా సరిగా రాలేదు.

తర్వాత కళ్ళు. చూపు ఆనడం లేదని రాసి, ఎవరికైనా చూపించారా లేదా అన్నది రాయలేదు. ఆ వయసులో శుక్లమే అనుకుని కూర్చోకండి, నీటికాసులు (గ్లకోమా) కావచ్చు, షుగర్ ఉంటే రెటీనా దెబ్బతిని ఉండొచ్చు. పెదవాల్తేరు ప్రాంతీయ కంటి ఆసుపత్రికి గానీ హనుమంతవాక ఎల్వీ ప్రసాద్‌కి గానీ మీరే తీసుకెళ్ళండి. కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేస్తే కొన్ని గంటలు మసకగా ఉంటుంది, ఒంటరిగా పంపితే ఇబ్బంది పడుతుంది. శుక్లమని తేలితే ఆపరేషన్‌కి ముందే డాక్టరుకి ఆవిడ కుట్టుపని చేస్తుందని చెప్పండి. మామూలుగా దూరపు చూపుకి సరిపోయే లెన్సు పెడతారు, సూదిలో దారం ఎక్కించాలంటే దగ్గరి చూపుకి అద్దాలు కావాలి. ఆ సంగతి ముందు తెలియకపోతే ఆపరేషన్ చెడిందనుకుని బెంగపెట్టుకుంటుంది.

ఆపరేషన్ అయ్యాక నెల నుంచి ఆరు వారాలు చుక్కల మందులుంటాయి. మొదట్లో రోజుకి చాలాసార్లు, తర్వాత డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి. ఇక్కడే చాలా ఇళ్ళలో దెబ్బతింటారు. మూడో రోజుకి స్పష్టంగా కనబడుతుంది, ఇంకెందుకని చుక్కలు ఆపేస్తారు, పొయ్యి దగ్గరికి వెళ్ళిపోతారు. రెండు రకాల చుక్కలుంటే మధ్య ఐదు నిమిషాలు ఆగాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. సీసా మూతి రెప్పకి తగలకూడదు. కన్ను ఎర్రబడినా, నొప్పి చేసినా, చూపు తగ్గినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. మొదటి వారం సెలవు పెట్టి ఈ పని మీరు చెయ్యండి. మీవారికి కూడా నేర్పండి.

డబ్బు సంగతి ఇదంతా అయ్యాక. నెలనెలా బావ ఖాతాకి పంపితే అది ఇంటి ఖర్చులో కలిసిపోతుంది, ఆవిడ చేతికి రూపాయి రాదు. పోస్టాఫీసులో ఆవిడ ఒక్కరి పేరునే సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ ఖాతా తెరవండి. దాని మీద వడ్డీ 2023 ఏప్రిల్‌లో ఏడాదికి 8.2 శాతం అయింది, వేసే రోజు రేటు మళ్ళీ చూసుకోండి. ఆ రేటున నాలుగు లక్షలు వేస్తే మూడు నెలలకోసారి 8,200 వస్తుంది. గడువు ఐదేళ్ళు, ఏడాదిలోపు తీస్తే వడ్డీ దక్కదు. మెసేజ్‌లు ఆవిడ ఫోనుకే రావాలి. నామినీగా బావ పేరు పెట్టించండి, మీది వద్దు, ఆ ఇంట్లో అనుమానాలు రేగకుండా ఉంటాయి. ఇంకొకటి, మేనత్త మేనకోడలికి ఎంతిచ్చినా పన్ను లేదు గానీ, మేనకోడలు మేనత్తకి ఏడాదిలో 50 వేలు దాటి ఇస్తే ఆ మొత్తం ఆవిడ ఆదాయంగా లెక్కకొస్తుంది. వేరే ఆదాయం లేని మనిషికి నాలుగు లక్షల మీద పన్ను పడదులెండి, అయినా ఇచ్చినట్టు కాగితం రాసి ఉంచుకోండి. వద్దంటే బలవంతం చెయ్యకండి, ఆర్నెల్లు ఆగి అడగండి.

వెళ్ళిన రోజు ఆవిడ సరిగా మాట్లాడకపోయినా కంగారు పడొద్దు. టీ తాగండి, కంటి పరీక్షకి ఏ రోజు వీలో అడిగి ఆ రోజుకి సెలవు పెట్టుకోండి.