ఫ్రెంచిలో ‘మార్కెట్ పక్కన’ అనేటప్పుడు ‘ద్యు’, ‘స్టేషన్ పక్కన’ అనేటప్పుడు ‘ద లా’ ఎందుకు వస్తాయి?

‘ద’ (ఇంగ్లిష్ ‘ఆఫ్’ లాంటి మాట) తర్వాత పుంలింగ ఆర్టికల్ (ఇంగ్లిష్ ‘ది’ లాంటిది) ‘ల’ వస్తే రెండూ కలిసి తప్పనిసరిగా ‘ద్యు’ అవుతాయి. స్త్రీలింగ ‘లా’ మాత్రం కలవదు.

‘పక్కన’కి ఫ్రెంచి మాట ‘ఆ కోతే ద’. మార్కెట్ (మార్షె) పుంలింగం కాబట్టి ‘ఆ కోతే ద్యు మార్షె’. స్టేషన్ (గార్) స్త్రీలింగం కాబట్టి ‘ఆ కోతే ద లా గార్’. ఈ ‘ద్యు’ పాత ఫ్రెంచిలో ‘దెల్’; చివరి లకారం ఉకారంగా మారి, క్రమంగా ‘ద్యు’ అయింది. అచ్చుతో మొదలయ్యే మాటకు, పలకని ‘హ్’తో మొదలయ్యే ఆసుపత్రి (ఒపితాల్) లాంటి మాటకు కూడా, లింగంతో పని లేకుండా ‘ద ల్’ వస్తుంది: ‘ఆ కోతే ద లొపితాల్’. బహువచనమైతే ‘దె’.

నెల్లూరు రంగనాథస్వామి గుడి పెన్నా ఒడ్డున ఉందని చెప్పాలనుకోండి. నదికి రెండు మాటలున్నాయి: సముద్రంలో కలిసేది ‘ఫ్లవ్’, మరో నదిలో కలిసేది ‘రివియెర్’. పెన్నా బంగాళాఖాతంలో కలుస్తుంది కాబట్టి ‘ఫ్లవ్’. అది పుంలింగం, అందుకే ‘ఒ బోర్ ద్యు ఫ్లవ్’. ఊరి పేరుకు సాధారణంగా ఆర్టికల్ ఉండదు, కనుక నెల్లూరు దగ్గర అంటే ‘ప్రె ద నెల్లూర్’ అంతే.

చాలామంది పొరపడేది ఇక్కడే: చోటు చెప్పే ప్రతి మాటకూ ‘ద’ తగిలిస్తారు. ముందు (దవాఁ), వెనక (దెరియెర్), మధ్య (ఆఁత్ర్), మీద (స్యుర్) అనే వాటికి అది అక్కర్లేదు. స్టేషన్ ముందు అంటే ‘దవాఁ లా గార్’. ‘దవాఁ ద లా గార్’ తప్పు. లింగం తెలుగును బట్టి ఊహించడం కుదరదు. మాట నేర్చుకునేటప్పుడే ‘ల మార్షె’, ‘లా గార్’ అని ఆర్టికల్‌తో కలిపి రాసుకోవాలి.