‘లో సోడియం’ అని రాసుంది, మా ఆయనకు పెట్టొచ్చా?

ప్రశ్న: మా ఆయన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. వయసు 61. బీపీ వల్ల కిడ్నీలు దెబ్బతిన్నాయి, మూడో స్టేజీ అన్నారు. డయాలసిస్ ఇంకా లేదు. మొన్నటి రిపోర్టులో పొటాషియం 5.4. సాయంత్రం నాలుగయితే ఏదో ఒకటి నమలందే ఉండలేరు. మా మనవడు ‘బేక్డ్’ అని రాసున్న ఆలుగడ్డ చిప్స్, ‘లో సోడియం’ ఉప్పు తెచ్చాడు. ఇవి వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, నర్సంపేట

జవాబు: ముందు ఆ ఉప్పు సంగతి చెప్తానమ్మా. అందులో సోడియం తగ్గించిన చోట సాధారణంగా పొటాషియం క్లోరైడు కలుపుతారు. కిడ్నీలు బాగున్నవాళ్లకు అది మేలే. మీ వారికి మాత్రం ఆ పొటాషియం బయటికి పోక రక్తంలో పేరుకుంటుంది, మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది. 5 దాటితేనే జాగ్రత్త పడతాం, ఆయనది ఇప్పటికే 5.4. బీపీ మాత్రల్లోనూ కొన్ని పొటాషియం పెంచేవి ఉంటాయి. అందుకని ఈ ఉప్పు వాడారా లేదా అన్నది రేపే డాక్టరుకు ఫోన్ చేసి చెప్పండి. మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

బేక్డ్ అంటే నూనె తగ్గిందని, అంతే. ఆలుగడ్డలోని పొటాషియం ఎక్కడికి పోతుంది?

ఇక ప్యాకెట్టు వెనక చూడండి. రోజు మొత్తానికి సోడియం 2000 మిల్లీగ్రాములు మించొద్దంటాం, అంటే సుమారు 5 గ్రాముల ఉప్పు. 100 గ్రాములకు 800 అని రాసి ఉంటే, 55 గ్రాముల ప్యాకెట్టు ఖాళీ చేసేసరికి 440 లోపలికి పోయినట్టే. కూరలు, పచ్చడి లెక్క ఇంకా మొదలే కాలేదు! పొటాషియంలాగే ఫాస్ఫరస్ కూడా కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పేరుకునేదే, కానీ ఈ రెండింటి అంకెలు చాలా ప్యాకెట్ల మీద అసలు ఉండవు. అందుకే దినుసుల జాబితా చదవాలి. ‘ఫాస్ఫేట్’ అన్న మాటగానీ, కలిపిన పదార్థాలకు వేసే కోడ్ నంబర్లలో 338 నుంచి 341, 450 నుంచి 452 వరకు ఏదిగానీ కనబడితే పక్కన పెట్టేయండి. పప్పుల్లో సహజంగా ఉండే ఫాస్ఫరస్ కన్నా ఇలా కలిపింది ఒంటికి చాలా ఎక్కువ పడుతుంది. 508 అంటే ఇందాకటి పొటాషియం క్లోరైడే. నల్ల కూల్‌డ్రింకుల్లో ఉండేది 338. 330 చూసి టెన్షన్ పడకండి, అది నిమ్మ ఉప్పు.

మా నాన్న కాజీపేట డీజిల్ షెడ్డులో చేసేవారు, ఆయనకూ ఇదే జబ్బు. నేను డైటీషియన్‌ని అయ్యుండి, ‘డైట్ మిక్చర్’ అన్న పేరు చూసి నెలంతా స్వయంగా కొనిచ్చాను. కాళ్ల వాపు తగ్గకపోతే అప్పుడు వెనక్కి తిప్పి చదివాను. మామూలు మిక్చర్ కన్నా సోడియం ఎక్కువే ఉంది.

నాలుగు గంటలకు గుప్పెడు మరమరాలు, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, చిటికెడు కారం, నాలుగు చుక్కల నిమ్మరసం కలిపివ్వండి. మరమరాలు తయారుచేసేటప్పుడే కొంత ఉప్పు పడుతుంది, మళ్లీ వేయకండి. పల్లీలు, పుట్నాలు వద్దు. సంక్రాంతికి సకినాలు చేస్తారు కదా, పిండిలో ఉప్పు సగానికి తగ్గించి, నువ్వులు పేరుకు వేసి ఆయనకు విడిగా చుట్టండి. రెండు తినొచ్చు. షుగర్ కూడా ఉంటే మరమరాలు ఎంతన్నది మీ డాక్టరును అడగాలి.

ఆ నంబర్లు ఒక చీటీ మీద రాసి మనవడికే ఇవ్వండి. చిన్న అక్షరాలు వాడికైతే కనబడతాయి, పైగా ఆ చిప్స్ తెచ్చింది వాడే కదా.