సరళి నోటికొచ్చింది, చెవికి రాలేదు

ఈసారి ఉత్తరాలు గోదావరి డెల్టా ఊళ్ల నుంచి వచ్చాయి. అడిగిన తీరు వేరైనా అందరి గొడవా ఒక్కటే: వినిపించిన స్వరం ఏదో పోల్చుకోవడం ఎలా?

ప్రశ్న: మూడేళ్లుగా సంగీతం నేర్చుకుంటున్నాను. గీతాలు, స్వరజతులు అయ్యాయి, వర్ణాలు నడుస్తున్నాయి. పుస్తకంలో స్వరం ఉంటే పాడేస్తాను. ఎవరైనా పాడింది విని ఇది ‘గ’, ఇది ‘ద’ అని చెప్పమంటే మాత్రం నోరు పెగలదు. లోపం ఎక్కడ?
— ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: సరళీ వరుసల (స రి గ మ ఎక్కి దిగే తొలి పాఠాల) అలవాటులోనే ఉంది. వాటిని ఎప్పుడూ వరుసగానే పాడతాం. ‘స రి గ’ అనగానే తర్వాత ‘మ’ అని నాలుకకి ముందే తెలుసు, ఇక చెవికి పనేముంది? ఒక్క స్వరం విడిగా వినిపిస్తే మళ్లీ ‘స’ దగ్గర మొదలెట్టి, వేళ్లు లెక్కపెట్టుకున్నట్టు ఒక్కొక్క మెట్టూ ఎక్కుతారు. ఆలోగా పాట ఒక ఆవర్తం (తాళం చుట్టు) దాటిపోతుంది.

మేనత్త ఎదురైతే నాన్నగారి నుంచి వరుస లెక్కగట్టి గుర్తుపట్టం కదా. స్వరాన్ని కూడా అలాగే, షడ్జమంతో దానికున్న చుట్టరికాన్ని బట్టి వినగానే పోల్చుకోవాలి. (స రి గ మ ప ద ని పూర్తి పేర్లు షడ్జమం, రిషభం, గాంధారం, మధ్యమం, పంచమం, ధైవతం, నిషాదం. ముందు చేరే ‘శుద్ధ’, ‘అంతర’, ‘కాకలి’, ‘ప్రతి’ లాంటి మాటలు ఆ స్వరం ఏ ఎత్తులో ఉందో చెబుతాయి.) శ్రుతి (తంబుర ఎడతెగకుండా ఇచ్చే ఆధార నాదం) మోగుతుండగా ఒక్కొక్క స్వరాన్నీ పది సెకన్లు నిలిపి పాడి చూడండి. పంచమం, అంతర గాంధారం కదలకుండా కూర్చుంటాయి. కాకలి నిషాదం పై షడ్జమం కోసం ఎగబాకుతుంటుంది. శుద్ధ మధ్యమానికి గాంధారం మీదికి దిగాలని ఉంటుంది, ధైవతానికి పంచమం మీదికి, రిషభానికి షడ్జమం మీదికి. ఈ స్వభావం చెవికి పట్టాక లెక్క అక్కర్లేదు.

సాధన రోజుకి పావుగంట చాలు. మొదటి రెండు నిమిషాలు శ్రుతి పెట్టి ఊరికే వినండి, ఆ తర్వాత అకారంలో (‘ఆ’ అంటూ) స, ప, పై స పాడండి. మొదటి వారం ఈ మూడే. రెండో వారం అంతర గాంధారం కలపండి. ముందుగా దాన్నే ఎందుకంటే, తంబురలో మంద్ర (కింది స్థాయి) షడ్జమం తీగ మీటితే ఆ నాదంలోనే సన్నగా గాంధారం పలుకుతుంది. స్వయంభూ గాంధారం అనేది దాన్నే. తర్వాత చతుశ్శ్రుతి రిషభం, చతుశ్శ్రుతి ధైవతం. దీంతో మోహన రాగం స్వరాలన్నీ వచ్చేశాయి. ఆపైన శుద్ధ మధ్యమం, కాకలి నిషాదం కలిస్తే శంకరాభరణం. శుద్ధ రిషభ ధైవతాలు ఆ తర్వాతే. సాధారణ గాంధారం, కైశికి నిషాదం, ప్రతి మధ్యమం చివరికి ఉంచుకోండి.

మాయామాళవగౌళలో సరళి నేర్చుకున్నవాళ్లని మోహనతో మొదలెట్టమంటే విడ్డూరంగా అనిపించవచ్చు. పాడటానికి మాయామాళవగౌళ ఎంతో అనువైన రాగం. స రి గ మ ఏ అచ్చులో ఉన్నాయో ప ద ని స కూడా సరిగ్గా అదే అచ్చులో ఉంటాయి. గొంతుకి కలిసొచ్చిన ఈ పోలికే చెవిని తికమక పెడుతుంది: రి అనుకున్నది ద అవుతుంది, గ అనుకున్నది ని అవుతుంది. పైగా స–రి, గ–మ, ప–ద, ని–స జంటలన్నీ అరస్వరం (హార్మోనియంలో ఒక మెట్టు నుంచి నల్లదైనా తెల్లదైనా ఆ పక్క మెట్టుకి ఉన్నంత) దూరంలోనే ఉన్నాయి. మోహనలో అంత దగ్గరి జంట ఒక్కటీ లేదు.

పరీక్ష ఇలా పెట్టుకోండి. ఇంట్లో ఎవరినైనా హార్మోనియం మీద ముందు ‘స’ నొక్కమని, తర్వాత మీ జాబితాలోంచి ఒక స్వరం నొక్కమనండి. విన్నదాన్ని పలికి, దాని దారిన షడ్జమానికి చేర్చి, పేరు చెప్పండి. ఉదాహరణకి మధ్యమమైతే ‘మ గ రి స’, నిషాదమైతే ‘ని స’. పది రోజులు పోయాక ఈ చేర్పు మనసులోనే జరగాలి. ఇరవై స్వరాల్లో పద్దెనిమిది సరిగ్గా చెప్పినప్పుడే కొత్త స్వరం కలపండి. పదిహేనుకి తగ్గితే ఆఖర్న కలిపింది తీసేసి మళ్లీ వెనక్కి రండి. రెండు మూడు అక్షరాల కాలంలో జవాబు రాకపోతే, చెప్పింది ఒప్పే అయినా తప్పుగానే వేసుకోండి. మీరు లెక్కపెడుతున్నారన్నమాట.

తోడు లేకపోతే స్వరాల పేర్లు చీటీల మీద రాసి గిన్నెలో వేసి కలపండి. తీసిన చీటీలోని స్వరాన్ని ముందు గొంతుతో పలికి, ఆ తర్వాతే హార్మోనియం నొక్కి సరిచూడండి. ముందు నొక్కి తర్వాత పాడితే వినికిడికి బదులు అనుకరణ సాగుతుంది. ఇరవై స్వరాలు నాలుగేసి సెకన్ల ఎడంతో ఫోన్లో రికార్డు చేసుకుని రెండు రోజులాగి వినడం ఇంకో పద్ధతి. అదే రోజు వింటే వరుస గుర్తుండిపోతుంది.

ప్రశ్న: నాలుగైదు స్వరాల దాకా బాగానే చెబుతాను. ఉన్నట్టుండి అన్నీ తప్పిపోతాయి. ‘ప’ని ‘స’ అంటాను, ‘స’ని ‘మ’ అంటాను. ఎందుకిలా?
— ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: మీ షడ్జమం జారిపోతోంది. స నుంచి మ ఎంత దూరమో, ప నుంచి పై స అంతే దూరం. శ్రుతి ఒక్క క్షణం చెవిలోంచి తప్పిందా, చెవి పంచమాన్నే షడ్జమంగా కూర్చోబెట్టేస్తుంది. అప్పుడు అసలు షడ్జమం మధ్యమంలా వినిపిస్తుంది. మీరు చెప్పిన తప్పు సరిగ్గా ఇదే, అంటే మీ చెవి కొలతలు బాగానే ఉన్నాయి.

సాధన చేసేటప్పుడు శ్రుతి ఆపకండి. ప్రతి నాలుగు స్వరాలకీ ఒకసారి షడ్జమం పాడుకోండి. మీ గొంతు శ్రుతిని మింగేసేంత పెద్దగా పాడకండి.

ప్రశ్న: విన్న పాటకి ‘స’ ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి? పాట మొదలైన స్వరాన్నే ‘స’ అనుకుంటే కొన్ని కుదురుతున్నాయి, కొన్ని కుదరడం లేదు.
— ఒక పాఠకుడు, రావులపాలెం

జవాబు: పాట షడ్జమంలోనే ఎత్తుకోవాలని ఎక్కడా లేదు. పిల్లలకి మొదట చెప్పే మలహరి గీతమే ‘మ ప ద స స రి’ అని మధ్యమంలో మొదలవుతుంది. పల్లవి పూర్తిగా విని ఆపండి. పాట ఇక అయిపోయిందనిపించేలా ముగించాలంటే ఏ స్వరం మీద ఆగాలో కూనిరాగం తీయండి. ఆ స్వరానికి శ్రుతి పెట్టి, దాని మీద పల్లవి మొత్తం పాడి చూడండి. కుదిరితే సరే. లేదంటే ఆ స్వరాన్ని ‘ప’ అనుకుని ఒకసారి, ‘మ’ అనుకుని ఒకసారి ప్రయత్నించండి. చాలాసార్లు ఈ రెండింట్లో ఒకటి అవుతుంది.

షడ్జమం తప్పితే రాగమే మారిపోతుంది. మోహనలో పంచమాన్ని ‘స’ అనుకుంటే మీ కాగితం మీద శుద్ధసావేరి తేలుతుంది. రిషభాన్ని అనుకుంటే మధ్యమావతి, గాంధారాన్ని అనుకుంటే హిందోళం. పాట ఒకటే, స్వరాలూ అవే. పెద్ద విద్వాంసులు దీన్నే గ్రహభేదం పేరుతో కావాలని చేసి చప్పట్లు కొట్టించుకుంటారు, మనం పొరపాటున చేసి తల పట్టుకుంటాం!

సినిమా పాటలో పల్లవి, చరణం మధ్య సంగీతంలో శ్రుతి మార్చేసే సందర్భాలుంటాయి. చరణం ముగిసి పల్లవి అందుకునే చోట షడ్జమాన్ని మరోసారి సరిచూసుకోండి. ధనుర్మాసంలో తెల్లవారుజామున గుడి మైకులో వచ్చే పాటలు ఈ సాధనకి బాగా పనికొస్తాయి. పక్క ఊరి గుడి మైకు ఇంకో శ్రుతిలో అందుకుందంటే ఆ పూటకి పుస్తకం మూసేయడమే మేలు.

మొదట కొద్ది స్వరాల రాగాలు ఎంచుకోండి. రాజోలు ప్రాంతంలోని శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ సృష్టించిన మహతిలో నాలుగే స్వరాలు: స, అంతర గాంధారం, ప, కైశికి నిషాదం. ఆయనదే లవంగిలో స, రి, మ, ద, చివరి మూడూ శుద్ధ స్వరాలే. పాట వింటూ స్వరం రాసుకోవడం నేర్చేవాళ్లకి ఇంతకన్నా శుభ్రమైన పలక దొరకదు. తోడి జోలికి ఇప్పుడే వెళ్లకండి. అందులో గాంధారం ఒకచోట నిలవదు, రిషభ మధ్యమాల మధ్య ఊగుతుంది. వినిపించిన ప్రతి అంచునీ స్వరంగా రాస్తే కాగితం నిండుతుంది గానీ తోడి రాదు. అలాంటిచోట ఊపు అంతటికీ కలిపి ఒకటే ‘గ’ అని రాసుకోవాలి.

ప్రశ్న: పెళ్లిళ్లకి ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. ఒకటో శ్రుతిలో ఏ పాటైనా విని వాయించేస్తాను. పాడే అమ్మాయి ఐదున్నర అనగానే చేతులు ఆడవు. ట్రాన్స్‌పోజ్ బటన్‌తో నెట్టుకొస్తున్నాను.
— ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: మీకు గుర్తున్నవి మెట్లు, స్వరాలు కావు. (శ్రుతి అంకె షడ్జమం ఏ మెట్టు మీదో చెబుతుంది: ఒకటి అంటే మొదటి తెల్ల మెట్టు, ‘న్నర’ అంటే ఆ తర్వాతి నల్ల మెట్టు.) ‘మూడో తెల్ల మెట్టు’ అని గుర్తుపెట్టుకున్నది ఒకటో శ్రుతిలోనే గాంధారం. ఐదో శ్రుతిలో గాంధారం ఏడో తెల్ల మెట్టు మీదికి పోతుంది. ముందు పాటని నోటితో స్వరం పాడి, ఆ తర్వాతే మెట్ల మీద వెతకండి. ఒక చిన్న మోహన పాట తీసుకుని మూడు శ్రుతుల్లో వాయించండి: ఒకటి, ఐదు, నాలుగున్నర. నాలుగున్నరలో మోహన స్వరాలు ఐదూ నల్ల మెట్ల మీదే పడతాయి, భయపడినంత కష్టమేం కాదు. ఈ మూడూ కుదిరాక ఐదున్నర. మండపంలో బటన్ వాడుకోండి, అది పని జరగడానికే ఉంది. ఇంట్లో సాధనలో మాత్రం దాన్ని ముట్టుకోవద్దు.

ఇంకో సంగతి. కీబోర్డులో అష్టకాన్ని (స నుంచి పై స దాకా) పన్నెండు సమభాగాలు చేశారు. అందుకే దాని అంతర గాంధారం తంబురలో పలికే గాంధారం కన్నా అరస్వరంలో ఏడో వంతు పైన ఉంటుంది. తంబుర మీద నిలిపి వాయిస్తే కాస్త రాపిడి వినిపించడం అందుకే. మీ చెవి తప్పు కాదది.

ప్రశ్న: మా పాపకి ఏడేళ్లు. శ్రుతి లేకుండానే స్వరం పేరు చెప్పగలిగే శక్తి కొందరికి ఉంటుందట. అది లేకపోతే సంగీతం రాదా?
— ఒక తల్లి, పాలకొల్లు

జవాబు: నిక్షేపంగా వస్తుంది. మన సంగీతంలో షడ్జమం పాడేవారి గొంతుని బట్టి మారుతుంది. అలాంటప్పుడు షడ్జమాన్ని బట్టి స్వరం తెలియడమే ముఖ్యం, అది సాధనతో వస్తుంది. మంద్ర పంచమం, పై షడ్జమం రెండూ పాపకి హాయిగా అందే శ్రుతి పెట్టి, స, ప, పై స ఆటగా అడగండి. ఐదు నిమిషాలు దాటనివ్వకండి.

ప్రశ్న: ఫోన్లో తంబుర పెట్టుకుని చెరువు గట్టు మీద సాధన చేస్తాను. అక్కడ ఎప్పుడూ శ్రుతి తేడాగానే అనిపిస్తుంది, ఇంట్లో బాగుంటుంది.
— ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: ఫోన్ స్పీకరు చిన్నది, మంద్ర నాదం అందులో దాదాపు పలకదు. కాస్త పెద్ద స్పీకరు కలపండి, లేదా ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకుని రెండో చెవిని మీ గొంతుకి వదలండి. ఇక, గట్టు మీద ట్రాన్స్‌ఫార్మర్ ఉందేమో చూడండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి దాని గుంయ్‌మనే మోత 100 హెర్ట్జ్ దగ్గర, దాని రెట్టింపు 200 దగ్గర ఉంటాయి. ఐదో శ్రుతి షడ్జమం 196. అంటే ఆ మోత మీ షడ్జమానికి కాస్త పైన ఇంకో షడ్జమంలా వినిపిస్తూ గొంతుని తన వైపు లాగుతుంది. మీది ఐదో శ్రుతి అయితే ఆ స్తంభానికి దూరంగా, గాలి మీ వైపు నుంచి స్తంభం వైపు వీచేలా కూర్చోండి. తంబురే తీసుకెళ్లే పనైతే, వానాకాలపు తేమకి బిరడాలు బిగుసుకుని శ్రుతి కదులుతుంటుంది, పావుగంటకోసారి సరిచూసుకోండి.