2జీలో టకటకా తెరుచుకున్న పేజీ 5జీలో ఎందుకు తడబడుతోంది?

ఈసారి వచ్చిన వాటిలో ఫోన్ బ్రౌజర్ల మీద ప్రశ్నలే ఎక్కువ. నాలుగు తీసుకున్నాను. మొదటిదానికి జవాబు పొడుగైంది, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది.

ప్రశ్న: కాలేజీ రోజుల్లో చిన్న నోకియా ఫోన్‌లో ఓపెరా మినీ బ్రౌజర్ వాడేవాణ్ణి. 2జీ అయినా పేజీలు వెంటనే వచ్చేవి. ఇప్పుడు 5జీ ఉంది, మంచి ఫోనే ఉంది, అయినా కొన్ని వార్తల సైట్లు తెరిస్తే స్క్రీన్ కదలదు. ఫోన్ మార్చాలా?

ఫోన్ మార్చక్కర్లేదు. అప్పట్లో పేజీని సిద్ధం చేసే పని మీ ఫోన్ చేసేది కాదు. 2006లో ఓపెరా మినీ ప్రపంచమంతటా విడుదలైనప్పుడు దాని కిటుకే అది. మీరు అడ్రస్ కొట్టగానే అది ఓపెరా కంపెనీ సర్వర్‌కు వెళ్లేది, ఆ సర్వరే సైట్‌ను తెచ్చి, బొమ్మల సైజు తగ్గించి, స్క్రిప్టులు (పేజీ లోపల నడిచే చిన్న ప్రోగ్రాములు) తనే నడిపించి, మిగిలినదాన్ని కుదించి ఫోన్‌కు పంపేది. డేటా 90 శాతం దాకా తగ్గేది. అంటే మీకు అందింది వండి వడ్డించిన విస్తరి, ఇవాళ క్రోమ్‌కు అందుతున్నది వండుకోవాల్సిన సరుకులు.

తెలుగువాళ్లకు ఆ సర్వర్ ఇంకో మేలు కూడా చేసింది. ఆ ఫోన్లలో తెలుగు ఫాంట్ ఉండేది కాదు, ఏ తెలుగు సైట్ తెరిచినా డబ్బాలే కనిపించేవి. అడ్రస్ బార్‌లో 'ఓపెరా:కాన్ఫిగ్' అని కొట్టి, వచ్చిన పేజీలో కిందికి వెళ్లి, 'యూజ్ బిట్‌మ్యాప్ ఫాంట్స్ ఫర్ కాంప్లెక్స్ స్క్రిప్ట్స్' దగ్గర 'నో'ను 'యెస్' చేసి సేవ్ కొడితే, సర్వర్ తెలుగు అక్షరాలను బొమ్మలుగా మార్చి పంపేది. డేటా కాస్త ఎక్కువ ఖర్చయ్యేది కానీ గుణింతాలూ ఒత్తులూ సరిగ్గా కుదిరేవి. ఆండ్రాయిడ్‌లో తెలుగు చూపించే ఏర్పాటు 2012లో వచ్చిన 4.1 వెర్షన్ దాకా లేదు మరి. ఫోన్‌లో తెలుగు చదవడం ఎంతోమందికి ఆ ఒక్క 'యెస్'తోనే మొదలైంది, దాన్ని తయారుచేసిన ఇంజినీర్లకు మనం గట్టిగా థ్యాంక్స్ చెప్పుకోవాలి.

మరి ఆ పద్ధతి ఎందుకు వెనకబడింది? రెండు కారణాలు. పేజీ మధ్యలో సర్వర్ తెరిచి చూస్తుంది కాబట్టి మీ బ్యాంకు పాస్‌వర్డ్ కూడా దాని చేతుల మీదుగానే వెళ్లాలి, ఇది సేఫ్ కాదు. రెండోది, 2007లో ఐఫోన్‌లోని సఫారీ బ్రౌజర్‌తో కంప్యూటర్‌లో కనిపించే పేజీనే ఫోన్ తనంతట తాను తెరవగలదని తేలిపోయింది. అప్పటినుంచి సైట్లవాళ్లు ఫోన్ మీద బరువు పెంచుతూనే ఉన్నారు. ఇవాళ ఒక వార్త చదవడానికి రెండు ఎంబీ దాటిన పేజీ దిగడం మామూలే, అందులో వార్త ఉండేది కొన్ని కేబీలే, మిగతాదంతా ప్రకటనలు, మిమ్మల్ని వెంటాడే ట్రాకర్లు, వీడియో ప్లేయర్లు. 5జీ వాటిని త్వరగా దించుతుంది కానీ ఆ స్క్రిప్టులన్నీ నడపాల్సింది మీ ఫోన్ ప్రాసెసరే, అక్కడే అది ఇరుక్కుంటోంది. క్రోమ్‌లో డేటా ఆదా చేసే లైట్ మోడ్ ఉండేది, దాన్నీ 2022లో తీసేశారు.

చేయాల్సిందల్లా ప్రకటనలను ఆపడం. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కు తగిలించే అదనపు ప్రోగ్రాములు, వేసుకునే వీల్లేదు. ఫైర్‌ఫాక్స్ పెట్టుకుని అందులో ప్రకటనలను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ ఎక్స్‌టెన్షన్ వేసుకోండి. మీరు చెప్పిన సైట్లలోనే తేడా తెలుస్తుంది.

ప్రశ్న: ఐఫోన్‌లో సఫారీ నచ్చక క్రోమ్ వేశాను. స్పీడ్‌లో ఏ తేడా లేదు, ప్రకటనలు కూడా అలాగే వస్తున్నాయి.

తేడా ఉండదు, ఎందుకంటే మన దేశంలో అమ్మే ఐఫోన్‌లో క్రోమ్ అన్నా, ఫైర్‌ఫాక్స్ అన్నా లోపల నడిచేది ఆపిల్ వెబ్‌కిట్ ఇంజినే. ఇంజిన్ అంటే పేజీని తెర మీద చూపించే అసలు భాగం. యాప్ స్టోర్ నిబంధన అది, 2012లో క్రోమ్ ఐఫోన్‌కు వచ్చినప్పుడూ ఇదే కథ. ఐరోపా యూనియన్ చట్టం ఒత్తిడితో 2024 మార్చిలో అక్కడి ఐఫోన్లకు మాత్రం వేరే ఇంజిన్లకు దారి తెరిచారు. ఆ సడలింపు మనకు లేదు, ఇది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. డబ్బు పెట్టి ఫోన్ కొన్నాక ఏ ఇంజిన్ నడపాలో నిర్ణయించుకునే హక్కు మనదే కదా.

క్రోమ్ వల్ల మీకొచ్చే లాభం పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్కులు కంప్యూటర్‌తో కలవడమే. ప్రకటనల సంగతైతే మళ్లీ సఫారీకే వెళ్లండి. యాప్ స్టోర్‌లో ప్రకటనలను ఆపే కంటెంట్ బ్లాకర్ యాప్ ఒకటి దించుకుని, సెట్టింగ్స్‌లో సఫారీ కింద ఎక్స్‌టెన్షన్స్‌లో ఆన్ చేయండి. అవి సఫారీలోనే పనిచేస్తాయి, క్రోమ్‌లో పనిచేయవు.

ప్రశ్న: మా నాన్నగారి ఫోన్ ఆండ్రాయిడ్ 6. కొన్ని సైట్లు తెరిస్తే 'మీ కనెక్షన్ ప్రైవేట్‌గా లేదు' అంటోంది. నెట్ బాగానే ఉంది. ఆయన ఒకటే టెన్షన్ పడుతున్నారు.

ముందు ఫోన్‌లో తేదీ, టైమ్ సరిగ్గా ఉన్నాయేమో చూడండి. బ్యాటరీ పూర్తిగా అయిపోయి లేచిన ఫోన్లలో తేదీ వెనక్కి పోతే ఇదే హెచ్చరిక వస్తుంది. తేదీ సరిగ్గా ఉన్నా వస్తోందంటే సమస్య సర్టిఫికెట్లది, అంటే సైట్ అసలుదేనని చెప్పే ధ్రువపత్రాలది. సైట్ అసలుదో కాదో తేల్చుకోవడానికి ఫోన్‌లో నమ్మదగిన సంస్థల జాబితా ఒకటి ఉంటుంది. బోలెడన్ని సైట్లకు ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ పేరు 7.1.1 కంటే ముందటి ఆండ్రాయిడ్‌లో ఆ జాబితాలో లేదు. పాత ఫోన్ల కోసం చేసిన ప్రత్యేక ఏర్పాటు 2024 సెప్టెంబర్‌తో ముగిసింది. క్రోమ్ కూడా ఆండ్రాయిడ్ 6 మీద 106వ వెర్షన్ దగ్గరే ఆగిపోయింది.

ఫైర్‌ఫాక్స్ తన జాబితా తనతోనే తెచ్చుకుంటుంది కాబట్టి ఆయన ఫోన్‌కు సరిపడే వెర్షన్ దొరికితే ఆ సైట్లు తెరుచుకుంటాయి. వార్తలు చదవడానికి, పంచాంగం చూడటానికి అది చాలు. బ్యాంకు పనులు, ఆధార్ పనులు మాత్రం ఆ ఫోన్‌లో వద్దే వద్దు, దానికి భద్రతా అప్‌డేట్లు ఆగిపోయి ఏళ్లయింది. హెచ్చరిక వచ్చినప్పుడు 'అడ్వాన్స్‌డ్' నొక్కి ముందుకెళ్లే అలవాటు కూడా చేయించకండి.

ప్రశ్న: యాప్‌ల లిస్టులో 'ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ' అని ఉంది. నేను వేసింది కాదు. వైరస్సా? తీసేయొచ్చా?

వైరస్ కాదు, తీయకండి. మీ ఫోన్‌లోని ఎన్నో యాప్‌లు లోపల వెబ్ పేజీలు చూపించేది దీంతోనే. ఆండ్రాయిడ్ 5 నుంచి ఇది ప్లేస్టోర్ ద్వారానే అప్‌డేట్ అవుతోంది. 2021 మార్చిలో దీని అప్‌డేట్‌లో తేడా వచ్చి, జీమెయిల్‌తో సహా ఎన్నో యాప్‌లు తెరిచీ తెరవగానే మూసుకుపోయాయి. గూగుల్ సరిచేసిన అప్‌డేట్ పంపాకే అవి కుదుటపడ్డాయి. ఎప్పుడైనా ఒకేసారి నాలుగైదు యాప్‌లు అలా మొరాయిస్తే, ఫోన్ రీసెట్ చేసేముందు ప్లేస్టోర్‌లో వెబ్‌వ్యూకీ, క్రోమ్‌కీ అప్‌డేట్ ఉందేమో చూడండి.