చీరల ఆన్‌లైన్ షాపుకి అఫిలియేట్ పెట్టొచ్చా? మా మంగళగిరి చీరలతో నాకు జరిగింది చెబుతాను

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: చిన్న చీరల సైట్ ఉంది, ఇన్‌స్టాగ్రామ్ యాడ్స్‌కి డబ్బు పోతోంది, అమ్మకాలు మాత్రం పెరగడం లేదు. అఫిలియేట్ పెడితే, అంటే మన చీరల గురించి చెప్పి అమ్మకం తెచ్చినవాళ్లకి కమీషన్ ఇస్తే, ఉపయోగం ఉంటుందా, ఉంటే ఎంత ఇవ్వాలి? ఉంటుంది. కాకపోతే నేను మొదటిసారి పెట్టినప్పుడు నష్టపోయాను, రెండోసారి నిలదొక్కుకున్నాను. ఆ రెండింటికీ మధ్య ఏం మారిందో తెలిస్తే మీకు కొంత డబ్బైనా మిగులుతుందని ఇంత వివరంగా రాస్తున్నాను.

మేం మంగళగిరి కాటన్, పట్టు కలిసిన కాటన్ చీరలు అమ్ముతాం, నిజాం బార్డర్‌వే ఎక్కువ. కమీషన్ ఎంత అని ఆలోచించే ముందు కాగితం మీద ఒక్క చీర లెక్క వేయండి. మా దగ్గర 1,800కి అమ్మే చీర తీసుకుంటే, జీఎస్టీ 5 శాతం ధరలోనే కలిపి ఉంటుంది కాబట్టి సుమారు 86 రూపాయలు అటు పోతాయి. నేసినవాళ్లకి 1,100, కొరియర్‌కి 85, ప్యాకింగ్‌కి 35, ఆన్‌లైన్‌లో డబ్బు కట్టించుకునే పేమెంట్ గేట్‌వేకి 42. ఇక చేతిలో మిగిలేది 450 చిల్లర. ఈ లెక్క వేయకుండానే నేను అందరికీ 15 శాతం అని ప్రకటించాను, అంటే చీరకి 270 రూపాయలు. నాకు మిగిలింది 180. అందులోంచే ఫోటోలు, సైట్ ఖర్చు, సాయం చేసే అమ్మాయి జీతం.

అసలు దెబ్బ తగిలింది క్యాష్ ఆన్ డెలివరీ దగ్గర. ఆర్డర్ పడగానే కమీషన్ జమయ్యేలా పెట్టాను. పార్సిల్ వెళ్తుంది, ఇంట్లో ఎవరూ ఉండరు, లేదా "ఇప్పుడు వద్దండీ" అంటారు, వెనక్కి వస్తుంది. పోనూ రానూ కొరియర్ 170, ప్యాకింగ్ 35, ఒక్క చీర వెనక్కి వస్తే ఇంకో చీర మీద వచ్చిన లాభం మొత్తం పోయి ఇంకా చాలదు, పైగా ఆ వెనక్కి వచ్చిన చీరకి కూడా 270 కమీషన్ అప్పటికే ఇచ్చేసి ఉంటాను. నెల చివర ఆర్డర్ల సంఖ్య చూస్తే సంతోషం, బ్యాంకు ఖాతా చూస్తే టెన్షన్. మూడు నెలలు అలాగే నడిచింది.

ఇంకో విషయం పట్టుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఎక్కువ అమ్మకాలు చూపించిన అఫిలియేట్ ఒక కూపన్ సైట్. వాళ్లు మా చీర గురించి ఎక్కడా ఒక్క ముక్క రాయలేదు. మరి అమ్మకాలు ఎలా వస్తున్నాయని చూస్తే, చీర నచ్చి డబ్బు కట్టే పేజీ దాకా వచ్చిన మనిషికి అక్కడ "కూపన్ కోడ్ ఉందా" అనే ఖాళీ గడి కనిపిస్తుంది, వెంటనే గూగుల్‌లో మా షాపు పేరు కొట్టి పక్కన కూపన్ అని టైప్ చేస్తారు, ఆ సైట్ లింక్ నొక్కి మళ్లీ మా దగ్గరికే వస్తారు. చివరి క్లిక్ ఎవరిదైతే కమీషన్ వాళ్లదే కాబట్టి, ఎలాగూ కొనబోతున్న మనిషికి నేను డిస్కౌంటూ ఇచ్చాను, ఆ సైట్‌కి కమీషనూ ఇచ్చాను. అందుకే ఇప్పుడు కూపన్ సైట్లని తీసుకోము, ఆ గడిని కూడా చిన్న లింక్ వెనక్కి జరిపేశాం. మీరు మొదలుపెట్టకముందే ఇది చేయండి.

రెండోసారి పెద్ద ఫాలోయింగ్ ఉన్నవాళ్ల వెంట పడలేదు. మా దగ్గర మూడుసార్లకి మించి కొన్నవాళ్ల జాబితా తీసి ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. అందులో హైదరాబాద్‌లో ఒక లెక్చరర్ గారు ఉన్నారు, రోజూ కాలేజీకి చీరే కట్టుకుంటారు, ఆ ఫోటో ఇన్‌స్టాలో పెడతారు, ఫాలోవర్లు 4,000 కూడా లేరు. "మేడమ్, మీ పేరు మీద ఒక కోడ్ ఇస్తాం, దాంతో కొన్నవాళ్లకి 5 శాతం తగ్గుతుంది, మీకు 10 శాతం వస్తుంది" అంటే, ఆవిడ ముందు ఒప్పుకోలేదు. "డబ్బు తీసుకుని చెబితే నా మాట ఎవరు నమ్ముతారమ్మా" అన్నారు. ఆ ప్రశ్న నాకు చాలా నచ్చింది. డబ్బు వస్తుందన్న సంగతి కూడా పోస్టులోనే చెప్పండి, చీరలో నచ్చనిది ఉంటే అదీ రాయండి అన్నాను. ఆవిడ నిజంగానే రాశారు, ముదురు నీలం చీర మొదటి రెండు ఉతుకులకి రంగు వదిలింది, విడిగా ఉప్పునీళ్లలో నానబెట్టండి అని. ఆ చీరలే ముందు అయిపోయాయి, అంతకన్నా ముఖ్యంగా వాటిలో దాదాపు ఏవీ వెనక్కి రాలేదు. ఏం కొంటున్నారో తెలిసి కొన్నారు కదా.

డబ్బు తీసుకుంటున్నామని చెప్పడం మంచితనం ఒక్కటే కాదు, నిబంధన కూడా. ప్రకటనల ప్రమాణాల మండలి ఇన్‌ఫ్లూయెన్సర్లకి 2021లోనే మార్గదర్శకాలు ఇచ్చింది, 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా ఇచ్చింది. వ్యాపారంతో ఏ సంబంధం ఉన్నా అది చూసేవాళ్లకి స్పష్టంగా తెలియాలి. అబద్ధపు ప్రచారం అయితే పోస్టు పెట్టినవాళ్లతో పాటు అమ్మేవాళ్లమూ ఇరుక్కుంటాం. ఒకరు మా పట్టు కాటన్ చీరని "ప్యూర్ పట్టు" అని రీల్ చేశారు, ఆ వారం వచ్చిన ఫోన్లకి సమాధానం చెప్పలేకపోయాను. అప్పటి నుంచి ప్రతి చీరకీ నూలు ఏమిటి, మగ్గం మీద నేసిందా, పొడవెంత, బ్లౌజ్ ఉందా అని నాలుగు లైన్లు రాసి పంపుతున్నాం, దానికి మించి చెప్పొద్దని ముందే అనుకుంటాం. ఫోటో కూడా పగటి వెలుతురులో, ఫిల్టర్ లేకుండా తీయాలి. రంగు తేడా వల్ల వచ్చే రిటర్నులు అంతా ఇంతా కావు.

లింక్ కన్నా కోడ్ నమ్మండి. మన దగ్గర ఎవరూ లింక్ నొక్కి అక్కడికక్కడే కొనరు. ఇన్‌స్టాలో చూస్తారు, స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో అక్కకి పంపుతారు, అక్క బాగుందంటే రెండ్రోజుల తర్వాత వేరే ఫోన్‌లోంచి ఆర్డర్ పెడతారు. ఎవరి లింక్ నుంచి వచ్చారో ఫోన్‌లో గుర్తుపెట్టుకునే కుకీ ఆ దారిలో ఎక్కడో పోతుంది, పాపం చెప్పినవాళ్లకి రూపాయి రాదు. కోడ్ అయితే స్క్రీన్‌షాట్‌తో పాటు వెళ్తుంది. అమెజాన్ 1996 నుంచి అఫిలియేట్ లింకులు నడుపుతోంది, వాళ్ల లింక్ నొక్కాక కమీషన్ రావడానికి మామూలుగా 24 గంటలే గడువు. వాళ్ల దగ్గర జనం ఏదో ఒకటి కొంటారు కాబట్టి వాళ్లకి సరిపోతుంది. చీర అలా కాదు, అందుకే మేం లింకులకి 30 రోజులు పెట్టాం. డాలస్‌లో ఉండే మా కస్టమర్ ఒకామె కోడ్‌తో వచ్చే ఆర్డర్లు చూస్తే ఇది బాగా తెలుస్తుంది. ఆమె స్నేహితులు అక్కడ కూర్చుని, కాకినాడలోనో ఖమ్మంలోనో ఉన్న అమ్మకి, అత్తగారికి పంపిస్తారు, ముందే డబ్బు కడతారు, కొరియర్ మన దేశంలోదే. నాకు అన్నిటికన్నా నిశ్చింతగా ఉండే ఆర్డర్లు అవే.

చెల్లింపు ఇలా పెట్టుకున్నాం: చీర చేరి, 7 రోజుల రిటర్న్ గడువు దాటాకే కమీషన్ లెక్కలోకి వస్తుంది, ప్రతి నెలా 5వ తేదీన ఏ ఆర్డర్‌కి ఎంతో రాసి యూపీఐ చేసేస్తాం. 5 అంటే 5నే. ఒకసారి 12 దాకా లాగితే ఇద్దరు పోస్టులు ఆపేశారు, వాళ్లని తప్పు పట్టలేను. క్యాష్ ఆన్ డెలివరీకి కోడ్ పనిచేయదు, ముందు కట్టినవాళ్లకే. దీనివల్ల ఆర్డర్లు కొంచెం తగ్గాయి, మిగిలే డబ్బు పెరిగింది.

టీడీఎస్, అంటే కమీషన్ ఇచ్చేటప్పుడే అందులోంచి కొంత పన్ను కోసి ప్రభుత్వానికి కట్టడం, దాని సంగతి: సొంత పేరు మీద వ్యాపారం చేస్తూ అంతకుముందు ఏడాది టర్నోవర్ కోటి దాటకపోతే మీరు కోయక్కర్లేదు. దాటితే మాత్రం ఒకరికి ఏడాదిలో 20,000కి మించి కమీషన్ ఇచ్చినప్పుడు 2 శాతం కోయాలి, 2024 అక్టోబర్ ముందు ఇది 5 శాతం ఉండేది. వాళ్ల పాన్ నంబర్ మొదటి రోజే తీసుకోండి, లేకపోతే 20 శాతం కోయాల్సి వస్తుంది.

యాడ్స్ పూర్తిగా ఆపమని నేను చెప్పను, మేమూ పండగలకి కొద్దిగా పెడతాం. కానీ ఖర్చులన్నీ పోగా చీర ధరలో మీకు మిగిలేది, అంటే మార్జిన్, 20 శాతం కూడా లేకపోతే అఫిలియేట్ ఇప్పుడే వద్దు, ముందు కొనే ధర దగ్గరో కొరియర్ దగ్గరో ఏదైనా తగ్గించుకోండి. ఉంటే ఐదుగురితో మొదలుపెట్టండి. దసరాకి అమ్మకాలు కావాలంటే శ్రావణ మాసంలోనే వాళ్లకి చీరలు చేరాలి, కట్టుకుని, ఉతికి, మళ్లీ కట్టుకుని రాయడానికి ఆ మాత్రం టైమ్ పడుతుంది. ఆ చీరల డబ్బు వాళ్ల కమీషన్‌లోంచి కోయకండి.