పికప్ క్యాబిన్‌లో కూలెంట్ వాసన: డాష్‌బోర్డ్ విప్పించే ముందు ఇవి చూడన్నా

క్యాబిన్‌లో తియ్యటి వాసన, డబ్బాలో కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే రంగు నీళ్ళు) వారం వారం తగ్గుతోంది, మెకానిక్ హీటర్ కాయిల్ (డాష్‌బోర్డ్ వెనక వేడి కూలెంట్ తిరిగే చిన్న రేడియేటర్ లాంటిది) పోయింది డాష్‌బోర్డ్ మొత్తం విప్పాలంటున్నాడు, విప్పించాలా అని అడిగావు కదన్నా. ఇప్పుడే వద్దు. ఇదే గోల నాకు రెండుసార్లు వచ్చింది, ఒకసారి విప్పకుండానే సరిపోయింది, ఇంకోసారి విప్పక తప్పలేదు.

నాది మదనపల్లె నుంచి చెన్నై కోయంబేడుకి టమాటా కొట్టే పికప్, ఏసీ ఉన్న బండి. మొదట్లో క్రేట్లలో కాయ మురిగి వాసనొస్తోంది అనుకుని రెండు ట్రిప్పులు క్రేట్లు దింపి వెతికా, నవ్వొద్దు. దించేసి ఖాళీ బండితో వస్తా మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు ఇంకా ఎక్కువ వచ్చింది, బెల్లం పాకం మాడబోయే ముందు వస్తది చూడు అట్లా, అప్పుడు గానీ ఇది ఇంజన్ వైపు సంగతని తట్టలేదు. డిసెంబర్‌లో పలమనేరు దగ్గర తెల్లారుజామున గ్లాస్ లోపల మసక కట్టింది, గుడ్డతో తుడిస్తే నూనె రాసినట్టు పరుచుకుంది గానీ పోలేదు. మామూలు మంచైతే ఏసీ వేస్తే పోతది, కూలెంట్ ఆవిరి అట్లా పోదు.

నువ్వు ముందు చేయాల్సింది, ఎడమ సీటు ముందు మ్యాట్ ఎత్తి కింద కార్పెట్‌ని తెల్ల టిష్యూతో గట్టిగా అద్దు. తడి ఉన్నంత మాత్రాన కాయిల్ పోయినట్టు కాదు, ఏసీ నీళ్ళు బయటికి పోయే పైపు మూసుకున్నా అక్కడే తడుస్తది. ఏసీ నీళ్ళు వట్టి నీళ్ళే, ఆరిపోతాయి. కూలెంట్ అయితే టిష్యూకి పచ్చగానో ఎర్రగానో రంగంటుతది, వేళ్ళ మధ్య రుద్దితే జారుతది. నాలుక మీద వేసి చూసే పెద్దమనుషులు ఉన్నారు మా స్టాండ్‌లో, ఆ పని చేయొద్దు, అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం, తియ్యగా ఉంటదని కుక్కలు నాకి చచ్చిపోతాయి కూడా.

కార్పెట్ పొడిగా ఉంటే బండి ఆపి ఇంజన్ ఆన్‌లోనే పెట్టి బ్లోయర్‌ని బయటి గాలి మీద కాసేపు, లోపలి గాలి మీద కాసేపు తిప్పు. లోపలి గాలికి వాసన తగ్గితే లీకు బోనెట్ కింద ఉన్నట్టు, ఎందుకంటే వైపర్ల కింద ఉండే జాలీ నుంచే క్యాబిన్‌లోకి గాలి వస్తది, ఇంజన్ దగ్గర కారిన ఆవిరి దాంతోనే లోపలికి దూరుతది.

నా మొదటిసారి సంగతి వీటన్నిటికంటే తిక్కది. కార్పెట్ తడి, టిష్యూ పచ్చగా, మెకానిక్ కూడా కాయిలే అన్నాడు. నేను ఒక్కసారి చూద్దామని ఇంజన్ చల్లారాక టార్చ్ పెట్టి హీటర్ పైపులు రెండూ ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకులోకి దూరే చోట చూస్తే క్లిప్పు వదులై చుట్టూ తెల్లగా పొక్కు కట్టి ఉంది. అక్కడ కారిన కూలెంట్ పైపు వెంబడే పాకి రబ్బరు బుష్ సందులోంచి లోపలికి దిగుతోంది! హోస్ చివర రెండంగుళాలు కోసి కొత్త క్లిప్పు వేస్తే ఆగిపోయింది. అందుకే చెప్తున్నా, ఆ రేకు దగ్గర చెయ్యి పెట్టి చూడకుండా డాష్‌బోర్డ్ ముట్టనీయొద్దు.

రెండోసారి మరుసటి ఎండాకాలం. బయట పైపులన్నీ పొడిగా ఉన్నాయి, ప్రెషర్ టెస్ట్ చేయించా. చల్లని ఇంజన్ మీద కూలెంట్ పోసే చోట క్యాప్ తీసి అక్కడ మీటర్ ఉన్న చేతి పంపు బిగించి క్యాప్ మీద రాసున్నంత, నాదానికి 1.1 బార్, గాలి కొట్టి పావుగంట వదిలేస్తారు. మీటర్ ముల్లు దిగుతోంది, బయట ఒక్క చుక్క లేదు, కార్పెట్ మాత్రం నానుతోంది, ఇంక అనుమానం ఏముంది, కాయిలే. వేడి మీద మాత్రం క్యాప్ తిప్పొద్దు, మొహాన చిమ్ముతది.

హీటరే వాడను కదా ఎందుకు పోయింది అంటావేమో, చానా బండ్లలో హీటర్ ఆఫ్‌లో ఉన్నా కూలెంట్ ఆ కాయిల్‌లో తిరుగుతానే ఉంటది. తప్పు నాదే, దార్లో తగ్గినప్పుడల్లా బోరు నీళ్ళు పోసేవాణ్ణి, మా వైపు నీళ్ళకి బిందెలకే తెల్లగా పేరుకుంటది, సన్నటి అల్యూమినియం గొట్టాలు ఎన్నాళ్ళు ఆగుతాయి.

సీజన్‌లో బండి రెండు రోజులు ఆపలేక హీటర్‌కి పోయే రెండు హోస్‌లని వంపు పైపుతో ఒకదానికొకటి కలిపేయించి మూడు నెలలు నడిపా, వేడి గాలి రాదు అంతే, నీ బండికి అట్లా కలపొచ్చో లేదో మెకానిక్‌ని అడుగు. లీకు ఆపే పౌడర్ పోద్దామన్నారు, ఒప్పుకోలేదు, అది రేడియేటర్‌లో కూడా అడ్డం పడుతది. తర్వాత కాయిల్ మార్పించా. నా బండిలో ఏసీ కూలింగ్ కాయిల్ కూడా అదే పెట్టెలో ఉండేసరికి ఏసీ గ్యాస్ తీసి మళ్ళీ ఎక్కించాల్సి వచ్చింది, ఆ ఖర్చు కలిపి చెప్తున్నాడో లేదో నీ మెకానిక్‌ని ముందే అడుగు. కొత్తగా పోసేటప్పుడు కూలెంట్ సగం డిస్టిల్డ్ వాటర్ సగం, పాత రంగు మీద వేరే రంగు కలపొద్దు, హీటర్ ఫుల్ వేడి మీద పెట్టి పైపుల్లో ఇరుక్కున్న గాలి బయటికి పోయేదాకా నింపించు.

ఇంకోటి, కాయిల్ మార్చినా నాకు నెల రోజులు వాసన పోలేదు, పని చెడగొట్టాడని మెకానిక్‌తో గొడవ కూడా పడ్డా. చూస్తే కార్పెట్ కింద దూది లాంటి పట్టీ కూలెంట్ తాగి కూర్చుంది. తీసి సబ్బు నీళ్ళతో ఉతికి మిద్దె మీద రెండు రోజులు ఎండేస్తే పోయింది, పాపం ఆయనకి సారీ చెప్పి టీ తాగించా.

సైలెన్సర్ నుంచి ఆగకుండా తెల్ల పొగ వస్తున్నా, ఇంజన్ ఆయిల్ పాల టీ రంగులోకి మారినా అది హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయిందని అనుమానం, బండి తోలొద్దు. అవి లేకపోతే టిష్యూకి ఏ రంగంటిందో, లోపలి గాలికి వాసన తగ్గిందో లేదో ఇక్కడ రాయన్నా, చూసి చెప్తా.